తూటాల పెట్టె మీద పేరంతా చదివి కొనండి

“అన్నా, తూటా లోపలికి వెళ్లింది, వెనక మూసే బోల్ట్ కూడా మూసుకుంది. మరి తప్పెలా అవుతుంది?”

ఈ మాట అడిగిన కుర్రాడి అరచేతిలో ఒక ఖాళీ కేస్, అంటే కాల్చేసిన తూటా ఇత్తడి గొట్టం, ఉంది. భుజం దగ్గర ఇత్తడి ఉబ్బిపోయింది, మూతి ఒక పక్క చీలింది, చుట్టూ మసి పట్టింది. రైఫిల్ .30-06 ది. అందులో పెట్టి కాల్చింది .308 తూటా. రెండింటి బులెట్ లావు ఒకటే, అడుగు అంచూ ఒకటే. కేస్ పొడవు మాత్రం .308 కి 51 మిల్లీమీటర్లు, .30-06 కి 63. ముందున్న ఆ పన్నెండు మిల్లీమీటర్ల ఖాళీలోకి ఇత్తడి సాగి చిరిగింది, వేడి గ్యాస్ వెనక్కి తన్నింది. కళ్లద్దాలు పెట్టుకుని ఉన్నాడు కాబట్టి చెంప మీద నాలుగు నల్ల చుక్కలతో బయటపడ్డాడు.

నేను షూటింగ్ రేంజ్‌లో సేఫ్టీ చూసుకునే పని పన్నెండేళ్లుగా చేస్తున్నాను. కొత్తగా రైఫిల్ పట్టినవాళ్లు అడిగే ప్రశ్నల్లో సగం తూటాల గురించే. “ఏ కాలిబర్ మంచిది?” అని మొదలవుతుంది. నేను ఎదురు అడిగేది ఒక్కటే: “మీ బ్యారెల్ మీద ఏం చెక్కి ఉంది?” చాలామంది అప్పుడే మొదటిసారి వంగి చూస్తారు. మీ రైఫిల్ ఏ తూటా తినాలో తయారుచేసినవాళ్లు దాని ఒంటి మీదే రాసి ఉంచారు. ఆ రాతకీ పెట్టె మీది పేరుకీ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. సగం కలిస్తే కలవనట్టే లెక్క. పాత రైఫిల్ అయితే ఎవరైనా మధ్యలో బ్యారెల్ మార్చి ఉండొచ్చు, తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌తో ఒకసారి ఛాంబర్, అంటే తూటా కూర్చునే చోటు, కొలిపించండి.

తూటాలో ఏముంటుంది

మనం తూటా అనీ బులెట్ అనీ గుండు అనీ అన్నిటికీ అన్నీ వాడేస్తాం. ఇక్కడ మాత్రం కొంచెం విడదీస్తాను. తూటా అంటే మొత్తం సరుకు. అందులో నాలుగు భాగాలు: ఇత్తడి కేస్, అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల తుపాకి మందు, మూతిలో బిగించిన బులెట్. ఎగిరి వెళ్లేది ఆ చివరి ముక్క ఒక్కటే. కేస్ మన దగ్గరే పడుతుంది.

ప్రైమర్ మసాలా కేస్ అంచులోనే చుట్టూ పూసి ఉంటే అది రిమ్‌ఫైర్. .22 లాంగ్ రైఫిల్ అలాంటిదే, 1887 నుంచి ఉంది. అడుగున సరిగ్గా మధ్యలో చిన్న బొత్తాంలా విడిగా ప్రైమర్ ఉంటే సెంటర్‌ఫైర్. వేటకు వాడే పెద్ద తూటాలన్నీ ఇవే. సెంటర్‌ఫైర్ కేస్‌ని ప్రైమర్ మార్చి మళ్లీ నింపుకోవచ్చు. రిమ్‌ఫైర్ ఒకసారి కాల్చితే దాని పని అయిపోయినట్టే.

అంకెల గోల

బ్యారెల్ లోపల బులెట్‌ని గిర్రున తిప్పడానికి మెలికలు తిరిగిన గాడులు కోస్తారు. గాడికీ గాడికీ మధ్య గట్లు మిగులుతాయి. పొలంలో చాలు, గట్టు ఉన్నట్టే అనుకోండి. ఇప్పుడు బ్యారెల్ లావు కొలవాలంటే ఎక్కడి నుంచి ఎక్కడికి? గట్టు నుంచి గట్టుకా, గాడి నుంచి గాడికా? అందరూ ఒక మాట మీద నిలబడి ఉంటే ఈ గోల సగం తగ్గేది. నిలబడలేదు.

.308 విన్‌చెస్టర్ పేరులో ఉన్నది గాడి నుంచి గాడికి ఉన్న కొలత. బులెట్ నిజంగానే 0.308 అంగుళం. .303 బ్రిటిష్ పేరు గట్టు కొలత మీద పెట్టారు, బులెట్ కొలిస్తే 0.311 దాకా ఉంటుంది. అంటే పేరులో చిన్నదిగా కనిపించే .303 లోనే బులెట్ లావుగా ఉంది. .270 విన్‌చెస్టర్‌లో బులెట్ 0.277. ‘6.5’ అని రాసి ఉన్నవాటిలో బులెట్ 6.7 మిల్లీమీటర్లు. .30-30, .30-06, .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్, .308 – నాలుగింటిలోనూ బులెట్ లావు 0.308 అంగుళమే. కానీ ఒకదాని తూటా ఇంకొకదాని రైఫిల్‌లో వేయకూడదు. కాలిబర్ అనే అంకె బులెట్ లావు గురించి, అదీ ఉజ్జాయింపుగా మాత్రమే చెబుతుంది. కేస్ ఎంత పొడవు, అందులో మందు ఎంత పడుతుంది, ఎంత ఒత్తిడి పుడుతుంది అన్నది మిగతా పేరులో ఉంటుంది.

ఆ మిగతా పేరుకీ ఒక పద్ధతి లేదు. .30-06 లో 06 అంటే అమెరికా సైన్యం దాన్ని తీసుకున్న 1906 సంవత్సరం. .30-30 లో రెండో 30 అంటే మొదట్లో అందులో పోసిన మందు బరువు, గ్రెయిన్లనే చిన్న తూకంలో. .45-70 లోనూ అంతే, 70 గ్రెయిన్ల నల్ల తుపాకి మందు, 1873 నాటి సంగతి. .250-3000 లో 3000 అంటే సెకనుకి 3,000 అడుగుల వేగమని గొప్ప చెప్పుకోవడం. .22-250 అంటే .250 కేస్ మూతిని .22 కి నొక్కారని. 7ఎంఎం-08 అంటే .308 కేస్‌కి 7 మిల్లీమీటర్ల మూతి పెట్టారని. యూరప్ వాళ్లది కాస్త నయం: 7×57 అంటే 7 మిల్లీమీటర్ల బోరు, 57 మిల్లీమీటర్ల కేస్. చివర ‘ఆర్’ అనే అక్షరం ఉంటే కేస్ అడుగున పైకి పొడుచుకొచ్చిన అంచు ఉందని అర్థం.

ఒకే తూటాకి రెండు పేర్లు ఉండడమూ మామూలే. 7×57 మౌజర్‌ని బ్రిటన్‌లో .275 రిగ్బీ అనేవాళ్లు. వేటగాడు జిమ్ కార్బెట్‌కి చంపావత్ నరభక్షక పులిని చంపినందుకు బహుమతిగా వచ్చిన రైఫిల్ ఆ .275 దే. అందులోనూ బులెట్ 0.284 అంగుళం ఉంటుంది. ఇక్కడ 275 గట్టు కొలత.

ఎక్కువ పేర్లు బట్టీ పట్టక్కర్లేదు గానీ, ప్రాణం మీదకి తెచ్చే జంటలు కొన్ని గుర్తుంచుకోవాలి. అన్నిటికంటే చెడ్డది .300 బ్లాకౌట్, .223 రెమింగ్టన్ జంట. .300 బ్లాకౌట్‌ని .223 కేస్‌ని కురచ చేసి, మూతి పెద్దది చేసి తయారుచేశారు. రెండూ ఒకే మ్యాగజైన్‌లో పడతాయి. పొరపాటున బ్లాకౌట్ తూటా .223 రైఫిల్‌లోకి వెళ్తే, ఒక్కోసారి బులెట్ కేస్‌లోకి నొక్కుకుని బోల్ట్ మూసుకుంటుంది కూడా. అప్పుడు ట్రిగ్గర్ లాగితే 0.308 బులెట్ 0.224 కన్నంలోంచి వెళ్లాలి. వెళ్లదు. రైఫిల్ పేలిపోతుంది. ఈ రెండు రైఫిళ్లూ ఉన్నవాళ్లకు నేను చెప్పేది: రెండూ ఒకే రోజు రేంజ్‌కి తేకండి. మ్యాగజైన్లకు రంగు టేపు చుట్టడం మంచిదే కానీ, టేపు ఊడిపోతుంది.

.223 కీ 5.56×45 కీ మధ్య తేడా ఇంకో రకం. బయటికి కవలల్లా ఉంటాయి. 5.56 ఛాంబర్‌లో బులెట్ గాడుల్ని పట్టుకునే ముందు ఉండే ఖాళీ కాస్త ఎక్కువ. అందుకని 5.56 రైఫిల్‌లో .223 కాల్చొచ్చు. .223 అని మాత్రమే చెక్కి ఉన్న రైఫిల్‌లో 5.56 కాల్చకూడదు, ఒత్తిడి పెరిగిపోతుంది. అలాగే .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్, .300 విన్‌చెస్టర్ షార్ట్ మ్యాగ్నమ్, .300 వెదర్‌బీ మ్యాగ్నమ్ మూడు వేరు వేరు తూటాలు. ఎవరైనా “మూడొందలది ఒక పెట్టె ఇవ్వండి” అంటుంటే నాకు టెన్షన్ వస్తుంది.

ఒక పెట్టె చేతిలోకి తీసుకుందాం

నా ముందు ఇప్పుడు ఇరవై తూటాల పెట్టె ఒకటి ఉంది. మీద ఇలా రాసి ఉంది: .308 విన్‌చెస్టర్, 150 గ్రెయిన్, సాఫ్ట్ పాయింట్, సెకనుకి 2,820 అడుగులు. పెట్టె చెవి లోపలి వైపు సిరా ముద్రతో లాట్ నంబర్, అంటే ఏ విడతలో తయారైందో చెప్పే అంకె.

గ్రెయిన్ బరువు కొలత, ధాన్యపు గింజ నుంచి వచ్చిన మాట. పౌండుకి 7,000, గ్రాముకి సుమారు 15.4. కాబట్టి 150 గ్రెయిన్లంటే 9.7 గ్రాములు. చాలామంది దీన్ని మందు బరువు అనుకుంటారు, పెట్టె మీద రాసేది బులెట్ బరువు. 2,820 అడుగులంటే సుమారు 860 మీటర్లు. కిలోల్లో బరువు తీసుకుని, అందులో సగాన్ని మీటర్లలో ఉన్న వేగంతో రెండుసార్లు గుణిస్తే శక్తి వస్తుంది, ఇక్కడ దాదాపు 3,600 జౌల్స్. అదే లెక్కలో 40 గ్రెయిన్ల మామూలు .22 లాంగ్ రైఫిల్‌కి వచ్చేది సుమారు 140. వేగాన్ని రెండుసార్లు గుణిస్తాం కాబట్టి కొంచెం వేగం పెరిగినా శక్తి చాలా పెరుగుతుంది. ప్రకటనల్లో వేగం గురించి అంత ఊదరగొట్టేది అందుకే. ఆ వేగం వాళ్ల టెస్ట్ బ్యారెల్‌లో వచ్చింది. మీ బ్యారెల్ పొట్టిదైతే అంత రాదు.

లాట్ నంబర్‌ని ఎవరూ పట్టించుకోరు, నేను పట్టించుకుంటాను. అదే కంపెనీ, అదే పేరు, అదే బరువు అయినా లాట్ మారితే తూటా తగిలే చోటు మారొచ్చు. సీజన్‌కి సరిపడా ఒకే లాట్‌లో కొని పెట్టుకోవడం నా అలవాటు.

బులెట్ ఎలా కట్టారన్నది కాలిబర్ కంటే ముఖ్యం

నా మాటల్లో ఒక్కటి గుర్తుంచుకోవాలంటే ఈ భాగం గుర్తుంచుకోండి.

ఫుల్ మెటల్ జాకెట్ అంటే సీసం ముద్దకి రాగి తొడుగు ముందంతా మూసి వేసింది. తగిలినా విచ్చుకోదు, నేరుగా దూసుకుపోతుంది. సైన్యాలు వాడేది ఇదే. దీని వెనక కథ ఉంది. 1890లలో కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఆయుధాగారంలో ముందు భాగం తెరిచి, తగలగానే విచ్చుకునేలా .303 బులెట్లు చేశారు. ఆ గాయాలు చూసి గొడవ జరిగి, 1899లో హేగ్‌లో విచ్చుకునే బులెట్లను యుద్ధంలో వాడకూడదని ప్రకటించారు. వేటలో లెక్క సరిగ్గా తిరగబడుతుంది. అక్కడ జంతువు త్వరగా ప్రాణం వదలాలి, గాయంతో పారిపోయి రోజుల తరబడి బాధపడకూడదు. అందుకని పెద్ద జంతువుల వేటకు విచ్చుకునే బులెట్టే వాడాలి. చాలాచోట్ల చట్టం కూడా అదే చెబుతుంది. యుద్ధంలో వద్దన్నది వేటలో తప్పనిసరి అయింది. జాకెట్ బులెట్‌కి ప్రాక్టీసులో మాత్రం మంచి చోటు ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

సాఫ్ట్ పాయింట్‌లో ముక్కు దగ్గర సీసం బయటికి కనిపిస్తుంది. తగిలాక పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. పాత పద్ధతి, ఇప్పటికీ నమ్మకమైనది. మామూలు దూరాల్లో జింకకి నేను వేరే ఏదీ వెతకను. ప్లాస్టిక్ ముక్కు ఉన్నవి గాలిని బాగా చీల్చుకుంటూ వెళ్తాయి, ఆ ముక్కు లోపలికి నొక్కుకుని బులెట్‌ని తెరుస్తుంది. వీటిలో పలచని తొడుగువి చిన్న జంతువులకు చేసినవి. వాటిని పెద్ద జంతువు భుజం ఎముక మీద కొడితే పైపైనే ముక్కలైపోతాయి. బాండెడ్ అంటే సీసాన్ని తొడుగుకి అతికించినవి, ఎముకలో దూరినా విడిపోవు. మధ్యలో గోడ ఉన్న రకానికి పార్టిషన్ అని పేరు. 1946లో జాన్ నోస్లర్ అనే వేటగాడు కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మూస్ అనే భారీ జింక వేటకు వెళ్తే బులెట్లు బురద పట్టిన మందపాటి చర్మం దాటి లోతుకి వెళ్లలేదు. ఆ కోపంతో ముందు సగం విచ్చుకుని వెనక సగం నిలిచేలా ఒక బులెట్ కట్టాడు, 1948 నుంచి అమ్ముతున్నారు.

పూర్తి రాగివి మరో రకం. బరువు దాదాపు అంతా నిలుపుకుంటాయి, మాంసంలో సీసం తునకలు మిగలవు. సీసం తునకలున్న కళేబరాలు తిని కాండార్ రాబందులు చనిపోతుండడంతో కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి వేటలో సీసం తూటాలు పూర్తిగా ఆపేశారు. రాగి సీసం కంటే తేలిక, కాబట్టి అదే బరువుకి బులెట్ పొడవు పెరుగుతుంది. అందుకని రాగికి మారేటప్పుడు బరువు ఒక మెట్టు తగ్గించి తీసుకోవడం మంచిది.

ఇక నేను చేసిన తప్పు. మా బావ నాకు వేట నేర్పాడు. పర్మిట్ తీసుకుని సీజన్‌లో వెళ్లిన రెండో ఏడు అది. రేంజ్‌లో నా .308 కి అన్నిటికంటే బిగువైన గ్రూపు, అంటే రంధ్రాలన్నీ దగ్గర దగ్గరగా, ఇచ్చింది పోటీల కోసం చేసే మ్యాచ్ తూటా, ముక్కున సన్నని రంధ్రం ఉన్నది. రంధ్రం ఉంది కదా, హాలో పాయింట్ కదా, విచ్చుకుంటుందిలే అనుకున్నాను. బావకు చెప్పలేదు, చెప్తే తిడతాడని. నూట ముప్పై గజాల్లో జింక పక్కకు తిరిగి నిలబడింది. తగిలిన చప్పుడు వినపడింది. జింక గెంతి చెట్లలోకి వెళ్లిపోయింది. తగిలిన చోట రక్తం నాలుగు చుక్కలు, అంతే. నాలుగు గంటలు వంగి వంగి ఆకులు తిరగేశాం. చీకటి పడే ముందు దొరికింది, అప్పటికీ ప్రాణం ఉంది. బావ పెన్సిల్ మొనంత రంధ్రం ఒకటి ఇటు, అంతే రంధ్రం అటు చూపించి, “దీంతో ఏం కొట్టావు?” అని మాత్రమే అడిగాడు. దారంతా మాట్లాడలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మ్యాచ్ బులెట్ ముక్కున ఉన్న ఆ రంధ్రం విచ్చుకోవడానికి పెట్టింది కాదని తర్వాత తెలిసింది. తొడుగుని అడుగు వైపు మూసి, సీసం దించి, ముక్కు వైపు నొక్కుతూ మూస్తారు. అడుగు చదునుగా, సమంగా ఉంటే గురి బాగుంటుంది. చివరికి ముక్కున మిగిలిపోయిన సందు అది. ఒక్కోసారి విచ్చుకుంటుంది, ఒక్కోసారి సూదిలా వెళ్లిపోతుంది. జంతువు విషయంలో ‘ఒక్కోసారి’ పనికిరాదు.

దేనికి ఏది

ముందు మీరున్న చోటి చట్టం చూడండి. వేట అనుమతి ఉందా, ఏ జంతువుకి, ఏ నెలల్లో, కనీసం ఎంత కాలిబర్, ఎంత శక్తి అన్నది చోటుని బట్టి మారుతుంది. జర్మనీలో చూడండి: చిన్నదైన రో జింకకి 100 మీటర్ల దగ్గర కనీసం 1,000 జౌల్స్ ఉండాలి, అంతకంటే పెద్ద గిట్టల జంతువులకు కనీసం 6.5 మిల్లీమీటర్ల కాలిబరూ 2,000 జౌల్సూ. ఇలాంటి నియమం మీ దగ్గర లేకపోయినా ఆ అంకెలు మంచి దారి చూపిస్తాయి.

కుందేలు లాంటి చిన్నవాటికి .22 లాంగ్ రైఫిల్ చాలు. దానికి .308 పట్టుకెళ్తే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే, మిగిలేది ఏమీ ఉండదు. నక్క సైజు వాటికి .223. మధ్య రకం జింకకి .243 నుంచి పైకి. .243 కి 90, 100 గ్రెయిన్లవి తీసుకోండి, అదే కాలిబర్‌లో 55 గ్రెయిన్లవి చిన్న జంతువులకు చేసినవి. జింక, అడవి పంది రెండూ చూసుకోవాలంటే 6.5 క్రీడ్‌మూర్, 6.5×55, 7ఎంఎం-08, .270, .308 – వీటిలో ఏదైనా సరే. ఏది గొప్ప అనే వాదనలో నేను దిగను. దగ్గరలో తూటాలు సులువుగా దొరికేది కొనుక్కోండి. ఎల్క్, మూస్ లాంటి భారీ వాటికి .30-06 లో 165 నుంచి 180 గ్రెయిన్ల గట్టి కట్టుబడి ఉన్న బులెట్. పొడిచే, తొక్కే జంతువుల కోసం 1912 నాటి .375 హెచ్ అండ్ హెచ్ నుంచి లెక్క మొదలవుతుంది, కొన్ని ఆఫ్రికా దేశాల్లో చట్టప్రకారం కూడా అదే కనీసం. వాల్టర్ బెల్ అనే వేటగాడు చిన్న .275 తో వందలాది ఏనుగుల్ని పడగొట్టాడన్న మాట ఎవరో ఒకరు ఎత్తుతారు. నిజమే. ఆయన ఏనుగు తల కోయించి మెదడు ఎక్కడుంటుందో చదువుకున్న మనిషి. విచ్చుకోని గట్టి బులెట్ వాడాడు. ఆ ఉదాహరణ మనకు వర్తించదు.

మందు ఎక్కువ పట్టే మ్యాగ్నమ్ తూటాల మోజు గురించి రెండు మాటలు. ఒకే బరువు రైఫిల్లో .243 తో పోలిస్తే .308 దాదాపు రెండింతలు భుజాన్ని వెనక్కి తన్నుతుంది, .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ దాదాపు మూడింతలు. భుజం నొప్పి రెండో సంగతి. ఆ తన్నుకి భయపడి ట్రిగ్గర్ లాగే ముందే కళ్లు మూసుకోవడం అసలు సంగతి.

అదెలా పట్టుకోవాలో చెబుతాను. స్నేహితుడిని పక్కన కూర్చోబెట్టుకోండి. మ్యాగజైన్‌లో అసలు తూటాల మధ్య ఒకటి రెండు పేలని డమ్మీ తూటాలు అతను కలపాలి, ఎక్కడున్నాయో మీకు తెలియకూడదు. డమ్మీ వచ్చినప్పుడు ‘టిక్’ అని మాత్రమే వినపడుతుంది. ఆ క్షణంలో రైఫిల్ మూతి కదలకుండా ఉంటే మీరు బాగున్నట్టే. పదేళ్లుగా కాలుస్తున్న ఒక పెద్దాయనకి ఈ పరీక్ష పెట్టాను. ‘టిక్’ అన్నప్పుడు మూతి నేలకి జానెడు దిగింది, ఎడమ చెయ్యి బిగుసుకుంది. ఆయనే నవ్వేశాడు. మ్యాగ్నమ్ అమ్మేసి .308 తీసుకున్నాడు, ఇప్పుడు నాకంటే బాగా కాలుస్తాడు.

ప్రాక్టీసు తూటాలు

నా లెక్కలో ఏడాదికి కాల్చే తూటాల్లో సగానికి పైగా .22 లాంగ్ రైఫిల్‌వే ఉండాలి. తన్నదు, చప్పుడు తక్కువ, మీ తప్పులన్నీ కాగితం మీద కనిపిస్తాయి. 50 గజాలకు జీరో చేసినది, అంటే ఆ దూరంలో గురిపెట్టిన చోటే తగిలేలా సరిచేసినది, 100 గజాల దగ్గర అర అడుగు పైనే దిగుతుంది, చిన్న గాలికి పక్కకు పోతుంది. గాలి చదవడం నేర్చుకోవాలంటే ఇంతకంటే మంచి పంతులు లేడు. గురి కోసమైతే ‘హై వెలాసిటీ’ వద్దు. సెకనుకి 1,050 నుంచి 1,080 అడుగుల దగ్గర ఉండే స్టాండర్డ్ వెలాసిటీ తీసుకోండి. బులెట్ ధ్వని వేగం కంటే ఎక్కువలో బయలుదేరి దారిలో దాని కిందకి దిగేటప్పుడు కుదుపు వస్తుంది. మొదటి నుంచీ కిందే ఉంటే ఆ బాధ లేదు. చిన్న తూటా అని అలుసు మాత్రం వద్దు, .22 కూడా మైలు దాటి వెళ్లగలదు.

తర్వాత మీ వేట రైఫిల్‌కే జాకెట్ తూటాలు. మోకాలి మీద, కూర్చుని, చెట్టుకి ఆనుకుని కాల్చడం వీటితో అలవాటు చేసుకోండి. సైన్యం మిగులు సరుకు దొరికితే రెండు విషయాలు చూడాలి. అయస్కాంతం అంటుకుంటే తొడుగులోనో లోపలో ఇనుము ఉంది. రాయికి, స్టీలుకి తగిలితే నిప్పు రవ్వలు లేస్తాయని చాలా రేంజ్‌లలో వాటిని రానివ్వరు. పాతకాలపు ప్రైమర్లలో కొన్ని ఉప్పు మిగిల్చిపోతాయి, అది తేమ పీల్చి బ్యారెల్‌ని తుప్పు పట్టిస్తుంది. నూనె ఆ ఉప్పుని కరిగించదు. అదే రోజు వేడి నీళ్లు పోసి కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాత నూనె రాయాలి.

బ్యారెల్ మెలిక సంగతి మర్చిపోయి నేను ఒక మధ్యాహ్నం పాడుచేసుకున్నాను. నా పాత .223 లో గాడి 12 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుంది. 55 గ్రెయిన్ల బులెట్లకి చక్కగా సరిపోతుంది. ఎవరో ఇచ్చిన 75 గ్రెయిన్లవి వేశాను. 50 గజాల్లో ఒకటి కుడికి, ఒకటి కిందకి, ఒకటి అసలు కాగితం మీదే లేదు. గురి చూసే దుర్భిణి, అదే స్కోప్, వదులైందనుకుని మరలు విప్పి బిగించాను, మళ్లీ కాల్చాను. పదిహేను తూటాలయ్యాక దగ్గరికి వెళ్లి చూస్తే రంధ్రాలు గుండ్రంగా లేవు, తాళం కన్నంలా పొడుగ్గా ఉన్నాయి. బులెట్లు గాలిలో పల్టీలు కొట్టి అడ్డంగా తగులుతున్నాయి. పొడవైన బరువు బులెట్ నిలకడగా వెళ్లాలంటే వేగంగా తిరగాలి, .223 లో అలాంటివాటికి 8 లేదా 7 అంగుళాలకు ఒక చుట్టు ఉండాలి. మీ బ్యారెల్ మీద 1:12, 1:9, 1:7 అని ఉంటుంది, కొనేముందు చూసుకోండి.

జీరో చేయడం

జీరో మాత్రం మీరు వేటకు తీసుకెళ్లే తూటాలతోనే చేయాలి. జాకెట్‌వి 150, సాఫ్ట్ పాయింట్‌వి 150 గ్రెయిన్లు అయినా రెండూ ఒకే చోట తగలాలని లేదు. ముందు 25 గజాల్లో కాగితం మీదకి తెచ్చుకోండి, తర్వాత 100 కి వెళ్లండి. మూడు కాల్చి, వాటి మధ్య బిందువు చూసి స్కోప్ తిప్పండి. ఒక్క తూటా చూసి తిప్పేవాళ్లు సాయంత్రం దాకా తిప్పుతూనే ఉంటారు. చాలా స్కోపుల్లో ఒక క్లిక్ అంటే 100 గజాల దగ్గర పావు అంగుళం. .308 ని 100 గజాలకు సరిగ్గా జీరో చేస్తే 200 దగ్గర నాలుగు అంగుళాలు, 300 దగ్గర పదిహేను అంగుళాల వరకు దిగుతుంది. 100 దగ్గర రెండు అంగుళాలు పైకి పెట్టుకుంటే 200 దగ్గర ఇంచుమించు మధ్యకి వస్తుంది. నేను అలాగే పెట్టుకుంటాను. శుభ్రం చేసిన చల్లటి బ్యారెల్ నుంచి మొదటి తూటా ఎక్కడ తగులుతుందో విడిగా రాసుకోండి. వేటలో దొరికేది ఆ మొదటిదే.

ఎంత దూరం నుంచి కాల్చొచ్చనే దానికి బెంచ్ మీద వచ్చిన గ్రూపు లెక్కలోకి రాదు. ఎనిమిది అంగుళాల పేపర్ ప్లేటు ఒకటి నిలబెట్టండి, జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు అంతే. వేటలో కూర్చున్నట్టే కూర్చుని ఐదుకి ఐదూ ప్లేటులో పడే దూరం ఎంతో చూడండి. నాది 220 గజాలు. బావది 300. నేను 230 లో ఉన్నదాన్ని వదిలేసి వస్తాను.

కాల్చేటప్పుడు చెవులకు రక్షణ తప్పనిసరి, రైఫిల్ పేలుడు 140 డెసిబెల్స్ దాటుతుంది. ‘టిక్’ అని ఆగిపోయి తూటా పేలకపోతే మూతి టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగి అప్పుడు బోల్ట్ తెరవండి, కొన్ని ఆలస్యంగా పేలతాయి. చప్పుడు ‘టప్’ అని బలహీనంగా వస్తే ఇంకోటి అసలు కాల్చొద్దు. రైఫిల్ ఖాళీ చేసి, బోల్ట్ తీసి, బ్యారెల్ లోంచి వెలుతురు కనిపిస్తుందో లేదో చూడండి. లోపల బులెట్ ఇరుక్కుని ఉండొచ్చు.

ఇంటికి వచ్చాక తూటాల్ని వాటి పెట్టెలోనే, చల్లగా పొడిగా ఉండే చోట తాళం వేసి పెట్టండి. కారులో ఎండకు వదిలేయొద్దు. చొక్కా ఉతకడానికి వేసే ముందు జేబులు దులపండి. పెట్టె లేని తూటా ఒకటి కచ్చితంగా దొరుకుతుంది. దాన్ని చూపుకి పోల్చి ఏదో ఒక పెట్టెలో వేసేయకండి. వెలుతురులో అడుగు తిప్పి, ప్రైమర్ చుట్టూ చెక్కిన అక్షరాలు భూతద్దంతో చదవండి. పేరు పూర్తిగా కనిపించకపోతే నేనైతే దాన్ని రేంజ్‌లో పనికిరాని తూటాలు వేసే ఎర్ర డబ్బాలో వేసేస్తాను. ఆ కుర్రాడు .308 తెచ్చుకున్నది కూడా అలాంటి విడి తూటాలు కలిపి పెట్టిన ఒక ప్లాస్టిక్ డబ్బాలోంచే.